జవాబు అడగని పరీక్ష

తెలుగులో ఒక చిత్రమైన మాట ఉంది: ‘మావాడికి సైటొచ్చింది.’ సైట్ అంటే చూపు. చూపు వస్తే సంతోషించాలి. కానీ మనం చెబుతున్నది చూపు తగ్గిందని. ఇంగ్లీషు మాటని తెచ్చుకుని, దాని అర్థాన్ని తిరగేసి వాడుకోవడానికి మనకేమీ ఇబ్బంది అనిపించలేదు. పాఠ్యపుస్తకాల తెలుగు ఇంతకంటే కఠినంగా ఉంటుంది. హ్రస్వదృష్టి, దీర్ఘదృష్టి అంటూ పేర్లు పెట్టి, అన్నిటినీ కలిపి ‘దృష్టి దోషాలు’ అంటుంది. దోషం మనకి తేలిక మాట కాదు. జాతకంలో ఉండేది దోషం, వాస్తులో ఉండేది దోషం, కుదిరిన సంబంధం తప్పిపోతే కారణం దోషం. ఇంగ్లీషు కూడా ఈ విషయంలో పెద్ద ఉదారంగా ఏమీ లేదు. ‘రిఫ్రాక్టివ్ ఎర్రర్’ అంది.

ఈ దోషం ఉందని ఎవరు చెబుతారు? మామూలుగా మనమే చెబుతాం. కంటి పరీక్షకి వెళ్ళినవాళ్ళందరికీ ఆ సంభాషణ గుర్తుండే ఉంటుంది. చీకటి గది, ఎదురుగా వెలిగే అక్షరాలు, ముక్కు మీద బరువైన ఫ్రేము. ‘ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?’ అని అడుగుతారు. మనం తడబడుతూ, పరీక్షలో తప్పు రాస్తున్నట్టు భయపడుతూ, ఏదో ఒకటి చెబుతాం. ఈ తంతుకి ఆధారం 1862లో యూట్రెక్ట్ నగరంలో హెర్మన్ స్నెల్లెన్ ప్రచురించిన అక్షరాల చార్టు. అది పనిచెయ్యాలంటే పేషెంటు చూడాలి, గుర్తుపట్టాలి, నోరు తెరిచి చెప్పాలి. నిన్న పుట్టిన బిడ్డకి చివరి రెండూ రావు. మొదటిది ఎంతవరకు వచ్చో తెలుసుకోవడమే అసలు సమస్య.

నెలలు నిండి, ఏ జబ్బూ లేకుండా పుట్టిన బిడ్డ కంటిని ప్రశ్న అడగడం మనుషులు ఎలా నేర్చుకున్నారు? అడిగి తెలుసుకున్నదాన్ని దోషం అనొచ్చా? ఈ రెండు ప్రశ్నల వెంట కొన్నాళ్ళుగా తిరుగుతున్నాను. నేను డాక్టర్ని కాదు, కోడ్ రాసి బతికేవాణ్ణి. అయినా ఈ చరిత్ర చదువుతుంటే నాకు వైద్యం కంటే ఎక్కువగా మన మాటల మీదే అనుమానాలు కలిగాయి.

*

మొదట కొలత గురించి. చిన్నప్పుడు మశూచి సోకి చూపు దెబ్బతిన్న యోహానెస్ కెప్లర్ 1604లో అచ్చువేసిన పుస్తకంలో, బొమ్మ పడేది కంటి వెనకున్న రెటీనా మీద అనీ, అదీ తలకిందులుగా అనీ చెప్పాడు. దగ్గరివి మాత్రమే కనపడే కంట్లో వెలుగు రెటీనాకి ముందే ఎక్కడో కలిసిపోతోందని కూడా అర్థం చేసుకున్నాడు. కానీ ఆ తర్వాత రెండున్నర శతాబ్దాల దాకా కళ్ళజోడు వైద్యుల పని కాలేదు. అంగడిలో కూర్చునో వీధుల్లో తిరిగో అమ్మేవాళ్ళు నాలుగైదు జతలు ముందు పెడితే, ఏది నప్పితే అది కొనుక్కుని వెళ్ళేవారు.

దాన్ని శాస్త్రంగా మార్చినవాడు ఫ్రాన్సిస్ డోండర్స్, స్నెల్లెన్‌కి గురుతుల్యుడు. 1864లో ఇంగ్లీషులో వచ్చిన ఆయన గ్రంథం పేరులో ‘ఎర్రర్’ లేదు, ‘అనామలీస్’ ఉంది. అంటే మామూలు దారి నుంచి పక్కకి జరగడం. ఆయన స్థిరపరిచిన పదాలు ఇంకా మర్యాదగా ఉంటాయి. ఎమ్మెట్రోపియా అంటే గ్రీకులో ‘కొలతకి సరిపోయిన కన్ను’. అమెట్రోపియా అంటే ‘కొలతకి సరిపోనిది’. ఇది దర్జీ భాష. చొక్కా వదులైతే చొక్కాది తప్పనం, ఒంటిది తప్పనం. కంటి పొడుగుకీ, దాని ముందు భాగానికి వెలుగుని వంచే శక్తికీ పొంతన కుదిరిందా లేదా అన్నదే డోండర్స్ ప్రశ్న. కన్ను పొడుగెక్కువైతే మైనస్, పొట్టిదైతే ప్లస్. వెలుగుని వంచే శక్తికి డయాప్టర్ అనే కొలమానం 1872లో ఫ్రాన్సులో వచ్చింది. మనం ‘పాయింట్లు’ అనేది, చీటీ మీద ‘పవర్’ అని రాసేది దాన్నే.

పుట్టిన పిల్లల కళ్ళలోకి చూసే అవకాశం కూడా అప్పుడే వచ్చింది. 1851లో హెర్మన్ హెల్మ్‌హోల్ట్స్ ఆఫ్తాల్మోస్కోప్‌ని లోకానికి ప్రకటించాడు. బతికున్న మనిషి రెటీనాని తొలిసారి స్పష్టంగా చూపించిన పరికరం అది. దాంతో వియన్నాలో ఎడువార్డ్ యేగర్ పసిబిడ్డల కళ్ళు పరీక్షించి, 1861లో ఒక పుస్తకం వేశాడు. ఇదే యేగర్ 1854లో దగ్గరి చూపు పరీక్షించడానికి చిన్న నుంచి పెద్ద దాకా రకరకాల సైజుల్లో అచ్చువేసిన వాక్యాల అట్టని తయారుచేశాడు. చదవడం వచ్చినవాళ్ళ కోసం అట్ట చేసిన మనిషే, చదవడం కాదు కదా మెడ నిలపడం కూడా రాని వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. ఆయనకి దొరికిన జవాబు: పుట్టిన పిల్లల్లో ఎక్కువమందికి హ్రస్వదృష్టి, అంటే మైనస్.

కొన్నేళ్ళ తర్వాత వేరే వైద్యులు అదే పరీక్ష చేశారు. ఈసారి ముందుగా కంట్లో అట్రోపిన్ చుక్కలు వేశారు. బెల్లడోనా మొక్క నుంచి తీసే మందు అది. మన ఊళ్ళలో పొలం గట్ల మీద పెరిగే ఉమ్మెత్తలోనూ ఆ కుటుంబపు రసాయనాలే ఉంటాయి. అది వేస్తే కంటిపాప విచ్చుకుంటుంది, లోపలి కటకాన్ని బిగించే కండరం కాసేపు సెలవు తీసుకుంటుంది. 1880లో అమెరికాలో ఈలీ అనే వైద్యుడూ, మరికొందరూ ఇలా చూసి చెప్పిన జవాబు యేగర్‌కి పూర్తిగా వ్యతిరేకం: పిల్లల్లో ఎక్కువమందికి దీర్ఘదృష్టి, అంటే ప్లస్.

కళ్ళు అలాంటివే, వయసూ అదే. జవాబులు మాత్రం ఎదురెదురుగా ఉన్నాయి. తేడా ఆ కండరంలో ఉంది. మందు వెయ్యనప్పుడు పసికందు కటకాన్ని బిగించి ఉంచుతుంది. డాక్టరు కొలిచింది కంటిని కాదు, కన్ను ఆ క్షణంలో చేస్తున్న పనిని. నడుస్తున్న ప్రోగ్రామ్‌ని కొలవబోతే దాని లోడ్ కూడా కొలతలో కలిసిపోవడం మా వృత్తిలో రోజూ చూసేదే. జవాబు చెప్పలేని పేషెంటు కూడా ఏదో ఒకటి చేస్తూనే ఉంటుందని వైద్యులకి ముందుగా తెలిసివచ్చింది ఇక్కడే.

*

ఈ కథలో నాకు బాగా నచ్చిన పాత్ర ఫెర్డినాండ్ క్విన్యే. ఫ్రెంచి సైన్యంలో కంటి వైద్యుడు. 1873లో ఆయన ఒక చిన్న సంగతి రాశాడు. అద్దంతో వెలుగుని పేషెంటు కంట్లోకి పంపి, ఆ అద్దాన్ని కొంచెం అటూ ఇటూ తిప్పితే, కంటిపాపలో ఎర్రటి మెరుపూ దాని పక్కన నీడా కదులుతాయి. కొందరి కళ్ళలో మెరుపు అద్దంతో పాటు కదులుతుంది, కొందరిలో ఎదురు కదులుతుంది. ఏ కంట్లో ఎలా కదులుతోందో చూస్తే ఆ కన్ను ప్లస్సా మైనస్సా అని చెప్పొచ్చు. పేషెంటుని ఒక్క మాటా అడగక్కర్లేదు.

క్విన్యే ఈ పద్ధతికి ‘కెరటోస్కోపీ’ అని పేరు పెట్టాడు. ఆ నీడ కంటి ముందు పొర అయిన కార్నియా నుంచి వస్తోందని ఆయన నమ్మకం. అది తప్పు. 1878లో ఆయన శిష్యుడు మాంజాఁ, ఆ వెలుగు రెటీనా నుంచి వస్తోందని వివరించాడు. మరో రెండేళ్ళకి పరాఁ అనే ఇంకో ఫ్రెంచి వైద్యుడు మధ్యలో కటకాలు పెట్టి, నీడ కదలిక ఆగిపోయే చోటుని బట్టి అంకె ఎంతో లెక్కకట్టే దారి చూపించాడు. చివరికి దానికి ‘రెటినోస్కోపీ’ అనే పేరు నిలిచింది. సిద్ధాంతం తప్పి, పద్ధతి ఒప్పిన సందర్భం ఇది. తర్కం కుదిరాకే నమ్ముదామని కూర్చుని ఉంటే ఆ పరికరం మనకి అందేది కాదేమో.

రెటినోస్కోపీ ఇప్పటికీ బతికే ఉంది. పిల్లల కంటి డాక్టరు ఒక చేతిలో వెలుగు పట్టుకుని, రెండో చేత్తో కటకాలు మారుస్తూ పాప ముందు కూర్చుని చేసేది ఇదే. నీడ పాటు కదిలితే ప్లస్ కలుపుతూ పోతుంది, ఎదురు కదిలితే మైనస్. కంటిపాప అంతా ఒక్కసారిగా నిండుగా వెలిగిన చోట ఆగుతుంది. తను ఎంత దూరంలో కూర్చుందో ఆ లెక్క తీసేస్తుంది. రెండు అడుగుల పైచిలుకు, అంటే 66 సెంటీమీటర్ల దూరానికి ఒకటిన్నర డయాప్టర్ తీసెయ్యాలి. మిగిలింది పాప అంకె. 1970ల్లో ఇంద్రా మొహింద్రా అమెరికాలో పనిచేస్తూ ఇందులోనే చుక్కల మందు అవసరం లేని దారి ఒకటి చూపించారు. చీకటి గదిలో పసిబిడ్డ కళ్ళు ఎటూ తిరిగి ఆ ఒక్క వెలుగు వైపే పోతాయి కాబట్టి, ఆ వెలుగునే ఆధారంగా తీసుకుని లెక్క సర్దడం. ఆ పేరుతోనే ఆ పద్ధతిని ఇప్పటికీ కాలేజీల్లో చెబుతున్నారు.

ఇంకో దారిలో రాబర్ట్ ఫాంట్జ్ వచ్చాడు. ఈయన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. 1950ల చివర్లో, పసిపిల్లలకి ఒక పక్క గీతల అట్ట, ఇంకో పక్క మామూలు అట్ట చూపిస్తే కళ్ళు ఎక్కువసేపు గీతల మీదే ఆగుతాయని చూపించాడు. గీతలు సన్నం చేస్తూ పోతే, ఏ సన్నం దగ్గర బిడ్డకి రెండు అట్టలూ ఒకటే అయిపోయాయో అక్కడ దాని చూపు హద్దు ఉన్నట్టు. ఇలా చూస్తే తేలింది ఏమిటంటే, పుట్టిన బిడ్డకి అంతా మసకే. పెద్దవాళ్ళ చూపులో ఇరవయ్యో వంతు స్థాయి. రెటీనా నడిబొడ్డే ఇంకా తయారవలేదు. తక్కువ మెగాపిక్సెల్ కెమెరాకి లెన్సు కొంచెం అటూ ఇటూ అయినా ఫోటోలో పెద్ద తేడా కనపడనట్టు, ఆ వయసులో రెండు డయాప్టర్ల ప్లస్ బిడ్డని పెద్దగా బాధపెట్టదు.

*

1951లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో కుక్, గ్లాస్‌కాక్ అనే ఇద్దరు వైద్యులు 500 మంది నవజాత శిశువుల, అంటే 1000 కళ్ళ లెక్క ప్రచురించారు. అట్రోపిన్ వేసి, రెటినోస్కోపుతో చూసి రాసిన లెక్క. దాదాపు మూడు వంతుల కళ్ళు ప్లస్ వైపు, ఒక వంతు మైనస్ వైపు ఉన్నాయి. నన్ను ఆపింది ఈ సగటు కాదు, అంకెలు పరుచుకున్న వెడల్పు. ఆరోగ్యంగా పుట్టిన పిల్లల కళ్ళు పెద్ద మైనస్ నుంచి పెద్ద ప్లస్ దాకా చెల్లాచెదురుగా ఉన్నాయి. బడికి వెళ్ళే వయసు పిల్లల్ని కొలిస్తే ఇంత వెడల్పు కనపడదు. అందరూ సున్నాకి కొంచెం ప్లస్ పక్కన గుంపుగా చేరిపోయి ఉంటారు.

ఈ మధ్యలో ఏం జరిగింది? కన్ను పెరిగింది. పుట్టినప్పుడు ముందు నుంచి వెనక్కి 17 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండే కన్ను పెద్దయ్యేసరికి 24కి దగ్గరవుతుంది. పెద్దవాళ్ళ కంట్లో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే రెండున్నర, మూడు డయాప్టర్ల సైటు. ఆ లెక్కన ఏడు మిల్లీమీటర్లు పెరిగిన కన్ను దారుణమైన మైనస్‌లోకి వెళ్ళిపోవాలి. వెళ్ళదు. పొడుగు పెరిగే కొద్దీ కార్నియా, కటకం తమ శక్తి తగ్గించుకుంటూ వస్తాయి. చెల్లాచెదురుగా బయల్దేరిన కళ్ళన్నీ ఒకే ఊరికి చేరతాయి. దీనికి ‘ఎమ్మెట్రోపైజేషన్’ అనే పేరు 1909లో డచ్చి వైద్యుడు స్ట్రౌబ్ పెట్టాడు. డోండర్స్ మాటకే తోక తగిలించి, కొలతకి సరిపోయిన కన్నుని కొలతకి సరిపోతున్న కన్నుగా మార్చాడు. నామవాచకం క్రియ అయింది.

పెరుగుదల యాదృచ్ఛికంగా కుదిరిందా, కన్ను చూసుకుంటూ పెరిగిందా అన్నది చాలాకాలం తేలలేదు. తేల్చినవి కోతులూ, కోడిపిల్లలూ. 1977లో వీజల్, రవియోలా అనే శాస్త్రవేత్తలు, రెప్పలు కుట్టేసిన కోతిపిల్లల కళ్ళు పొడుగ్గా పెరిగి మైనస్‌లోకి వెళ్ళాయని రాశారు. మరుసటి ఏడాది జోష్ వాల్మన్ బృందం కోడిపిల్లల్లో అలాంటిదే చూపించింది. 1988లో షెఫల్ బృందం కోడిపిల్లలకి ఏకంగా కళ్ళజోళ్ళు తగిలించింది. ప్లస్ కటకం పెడితే కన్ను పెరగడం తగ్గించుకుంది, మైనస్ కటకం పెడితే పొడుగ్గా పెరిగింది. అద్దం తెచ్చిన మసకని పోగొట్టడానికి కన్ను తన పొడుగునే మార్చుకుంది. కంటి నుంచి మెదడుకి వెళ్ళే నరాన్ని తెంచినా కోడిపిల్లల్లో ఈ సర్దుబాటు చాలావరకు సాగింది. అంటే తీర్పు చాలా మటుకు కంట్లోనే జరిగిపోతోంది.

ఇక్కడ ఇంజనీరింగ్‌లో చదువుకున్న కంట్రోల్ సిస్టమ్స్ నాకు పనికొచ్చింది. ఆ సబ్జెక్టులో ‘ఎర్రర్’ అంటే తప్పు కాదు. కావలసిన చోటుకీ ఉన్న చోటుకీ మధ్య తేడా. ఏసీ గదిని చల్లబరుస్తున్నంతసేపూ ఎర్రర్ ఉంటూనే ఉంటుంది, ఆ ఎర్రరే ఏసీని నడిపిస్తుంది. అది లేకపోతే వ్యవస్థకి ఎటు కదలాలో తెలియదు. పసికందు కంట్లో ఉన్న రెండు డయాప్టర్లు ఆ అర్థంలో ఎర్రరే. పుట్టినప్పుడు ఉండే మసక, పెరగాల్సిన కంటికి అందే సూచన. దాన్ని దోషం అని తెలుగు చేసినప్పుడు మనం తప్పు నిఘంటువు తెరిచాం. తేడా అంటే చాలు.

*

కథ ఇక్కడితో ఆగితే హాయిగా ఉండేది. ప్రకృతి సర్దుకుంటుంది, మనం కంగారు పడక్కర్లేదు, శుభం. కానీ సర్దుబాటు అన్ని కళ్ళలోనూ జరగదు. అది జరగని ఇంట్లో పుట్టినవాణ్ణి నేను.

నా ఎడమ కన్ను పుట్టుకతోనే పెద్ద ప్లస్ అయి ఉండాలి. కుడికన్ను మామూలుగా సర్దుకుంది, ఎడమది సర్దుకోలేదు. రెండు కళ్ళకీ మధ్య ఇంత తేడా ఉన్నప్పుడు పసి మెదడు ఓపిక పట్టదు. స్పష్టమైన బొమ్మనిచ్చే కన్నుతో స్నేహం చేసి, మసక కన్నుని పట్టించుకోవడం మానేస్తుంది. ‘లేజీ ఐ’ అంటారు. కన్ను బద్ధకించలేదు, దానికి ఎవరూ పని ఇవ్వలేదు. మెల్లకన్ను లేదు, తలనొప్పి లేదు, బళ్ళో మార్కులు బానే వచ్చేవి. పదకొండో ఏట బడికి వచ్చిన కంటి క్యాంపులో ఎవరో నా కుడికన్నుకి అట్ట అడ్డం పెట్టేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. నాక్కూడా తెలియదు. అందరికీ ఒక కన్ను చూడటానికి, ఇంకోటి స్పేర్ అనుకునేవాణ్ణి. అద్దాలిచ్చారు, కుడికన్నుకి ప్లాస్టరు వేశారు. కొంత వచ్చింది, ఎక్కువ రాలేదు. ఇప్పటికీ త్రీడీ సినిమా నాకు మామూలు సినిమానే, టికెట్ ధర ఒక్కటే తేడా.

ఎందుకు ఎక్కువ రాలేదో 1963లోనే తెలిసిపోయింది. డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజల్ అనే ఇద్దరు పుట్టిన కొద్ది వారాల్లో పిల్లికూన ఒక కంటిని మూసి ఉంచితే, తర్వాత ఆ కన్ను తెరిచినా మెదడులో దాని మాట వినే కణాలు దాదాపు మిగలవని చూపించారు. పెద్ద పిల్లి కంటిని అంతకాలం మూసినా ఇంత నష్టం జరగలేదు. ఈ వరుసలోని పనికి వాళ్ళకి 1981లో నోబెల్ వచ్చింది. మనుషుల్లో ఆ కిటికీ కొన్నేళ్ళపాటు మెల్లగా మూసుకుంటూ వస్తుంది. పదేళ్ళు దాటాక చికిత్స దండగ అనలేం, కానీ కష్టం.

అంటే ఒకే కంటికి రెండు గడియారాలున్నాయి. కన్ను పెరిగే గడియారం ‘ఆగు, సర్దుకుంటుంది’ అంటుంది. మెదడు గడియారం ‘ఆలస్యం చేస్తే నేను తలుపు వేసేస్తాను’ అంటుంది. పసిబిడ్డల కంటి పరీక్ష చరిత్ర అంతా, ఏ బిడ్డ విషయంలో ఏ గడియారాన్ని నమ్మాలన్న వాదనే.

ఇది నిజంగా వాదనే. 1974లో హోలాండ్ అన్నదమ్ములు కెమెరా ఫ్లాష్‌తో పసివాళ్ళ కంటి ఫోకస్ కనిపెట్టే ‘ఫోటోరిఫ్రాక్షన్’ పద్ధతి ప్రకటించాక, వందల మందిని త్వరగా పరీక్షించడం సాధ్యమైంది. కేంబ్రిడ్జ్‌లో జానెట్ అట్కిన్సన్, ఆలివర్ బ్రాడిక్ బృందం అలాంటి పద్ధతులతో ఆరు నుంచి తొమ్మిది నెలల పిల్లల్ని చూసి, ప్లస్ బాగా ఎక్కువున్న వాళ్ళకి ముందే అద్దాలిస్తే మెల్లకన్ను తగ్గుతోందని చెప్పింది. అదే ఇంగ్లండులో రాబర్ట్ ఇంగ్రామ్ చేసిన పరిశీలనల్లో అద్దాలు మెల్లకన్నుని ఆపలేదు. పైగా అద్దాలు నిత్యం పెట్టుకున్న పిల్లల్లో సహజమైన సర్దుబాటు కుంటుపడుతోందేమో అన్న అనుమానాన్ని ఆయన ముందుకు తెచ్చాడు. లూప్‌లో మనం చెయ్యి పెడితే ఎర్రర్ పోతుంది, దాంతోపాటు ఎర్రర్ నడిపించే పని కూడా ఆగిపోవచ్చు. రెండు పక్షాలకీ తమ తర్కం ఉంది. అందుకే ఇవాళ్టికీ ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకి మామూలు ప్లస్ ఉందని ఎవరూ అద్దాలు రాయరు. బాగా పెద్ద అంకె అయినా, రెండు కళ్ళకీ మధ్య పెద్ద తేడా ఉన్నా జాగ్రత్తపడతారు.

*

మరి పుట్టిన మొదటి రోజుల్లో వెతకాల్సింది ఏమిటి? అంకె కాదు. వెలుగుకి దారి తెరిచి ఉందా అన్నది. పుట్టుకతో శుక్లం ఉంటే వెలుగు రెటీనా దాకా పోదు. 1728లో లండన్‌లో చెసెల్డెన్ అనే వైద్యుడు, చిన్నతనం నుంచీ శుక్లాలతో చూపులేని పదమూడేళ్ళ అబ్బాయికి ఆపరేషన్ చేశాడు. వెలుగైతే లోపలికి పోయింది. కానీ ఆ అబ్బాయి చూసినదాన్ని వస్తువుగా గుర్తుపట్టలేక, ఏది పిల్లో ఏది కుక్కో తేల్చుకోవడానికి అవస్థపడ్డాడు. తత్వవేత్తలు ఈ కథని తెగ చర్చించారు. వైద్యులకి అందులోని అసలు పాఠం రెండు శతాబ్దాల తర్వాత, ఆ పిల్లికూనలు చెబితే గాని అర్థం కాలేదు. ఇప్పుడు ఒక కంటికే దట్టమైన శుక్లం ఉంటే దాదాపు ఆరు వారాల్లోపు, రెంటికీ ఉంటే ఎనిమిది వారాల దరిదాపుల్లో తీసెయ్యాలంటారు. ఇక్కడ మొదటి గడియారం అసలు లేదు. ఆగితే పోతుంది.

దీన్ని పట్టుకోవడానికి కావలసింది హెల్మ్‌హోల్ట్స్ పరికరానికి వారసుడైన చిన్న ఆఫ్తాల్మోస్కోపూ, లైటు ఆర్పిన గదీ. చెయ్యి చాపినంత దూరం నుంచి బిడ్డ కళ్ళలోకి వెలుగు వేస్తే రెటీనా నుంచి తిరిగొచ్చే మెరుపు కంటిపాపలో కనపడుతుంది. ఫోటోల్లో కళ్ళు ఎర్రగా పడటానికి కారణం ఇదే. 1962లో స్విట్జర్లాండ్‌లో బ్రుక్నర్ రెండు కళ్ళనీ ఒకేసారి వెలిగించి పోల్చమన్నాడు. ఒకదాని మెరుపు ఇంకోదానికంటే వేరుగా ఉంటే అనుమానించాలి. ఒంటి రంగుని బట్టి మెరుపు రంగు మారుతుంది. మన పిల్లల్లో ఎరుపు కంటే నారింజ, గోధుమ ఛాయ కనపడటం మామూలే. అందుకే రంగు కంటే పోలిక ముఖ్యం. నల్లటి మచ్చ కనిపిస్తే శుక్లం కావచ్చు. తెల్లగా మెరిస్తే రెటీనోబ్లాస్టోమా అనే కేన్సర్ కావచ్చు, అక్కడ పందెం చూపు ఒక్కటే కాదు, ప్రాణం కూడా. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2008లో తన విధానాన్ని సవరిస్తూ, నవజాత శిశువులందరికీ ఆసుపత్రి వదిలేముందే ఈ పరీక్ష జరగాలని చెప్పింది.

మన దేశంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టగానే వెతకాల్సిన లోపాల జాబితాలో పుట్టుశుక్లాన్ని చేర్చింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల రెటీనా జబ్బునీ చేర్చింది. మన దగ్గర పెద్దపిల్లల గురించి మంచి లెక్కలున్నాయి. 2002లో వెలువడిన మహబూబ్‌నగర్ జిల్లా అధ్యయనం పల్లెల్లో ఏడు నుంచి పదిహేనేళ్ళ పిల్లలు 4074 మందిని పరీక్షించి, చూపు తగ్గిన కళ్ళలో ఎక్కువ వాటికి కారణం అద్దాలతో సరిదిద్దగలిగే తేడాయేనని చూపించింది. 2018 ఆగస్టు 15న తెలంగాణ ‘కంటి వెలుగు’ మొదలైంది. మరుసటి ఏడాది అదే పేరుతో ఆంధ్రప్రదేశ్ మొదటి విడతలో బడిపిల్లల్ని తీసుకుంది. ఇవన్నీ గొప్ప పనులే. కానీ ఇవన్నీ నోరున్న కళ్ళ కోసం. అక్షరం చూపిస్తే చదివే, చదవలేకపోతే చెప్పే కళ్ళ కోసం. నాలాంటి వాళ్ళు ఆ క్యాంపుల్లో దొరుకుతారు, దొరికేసరికి తలుపు సగం పైగా మూసుకుని ఉంటుంది.

మనవాళ్ళు పసిబిడ్డ కళ్ళని పట్టించుకోరనలేం. చుట్టూ చేరి ‘ఎవరి కళ్ళొచ్చాయి’ అని గంటలకొద్దీ వాదిస్తాం. కళ్ళు పెద్దవవుతాయని కాటుక పెడతాం, పెట్టొద్దని డాక్టర్లు నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా. దృష్టి అనే మాటకి మన వాడుకలో ‘దిష్టి’ అనే రూపం ఉంది, దాని కోసం బుగ్గన చుక్క పెడతాం. కంటి మీద ఇంత శ్రద్ధ ఉన్నా అదంతా కంటి బయటే ఆగిపోతోంది. కంటిపాప గుండా లోపలికి చూడటానికి కొన్ని సెకండ్లు, ఒక చీకటి గది చాలు.

కాబట్టి ఈ వ్యాసం చదువుతున్నవాళ్ళలో ఎవరింట్లోనైనా త్వరలో బిడ్డ పుట్టబోతుంటే, డిశ్చార్జి కాగితాల మీద సంతకం పెట్టేముందు పిల్లల డాక్టర్ని ఒక్క మాట అడగండి: ‘రెండు కళ్ళూ ఒకేలా మెరిశాయా?’ సైటెంత అని అడక్కండి, దాని సంగతి బిడ్డ చూసుకుంటోంది. మొదటి పుట్టినరోజు దాటాక మళ్ళీ ఒకసారి పిల్లల కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఆవిడ వెలుగుని అటూ ఇటూ కదిలిస్తూ ఉంటుంది. పాప ఆ వెలుగుని పట్టుకోబోతుంది. అదీ పరీక్షలో భాగమే.